పడకగదిలోకి పగలు వచ్చింది

తారామణి ఎంత నవ్వొచ్చినా నోరు తెరిచి నవ్వేది కాదు. పెదవులు బిగబట్టి, కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు మాత్రం ఎగరేసేది. కొత్తవాళ్ళు చూస్తే ఏడుస్తోందేమోనని కంగారు పడేవారు. నాచారంలో వాళ్ళ గల్లీవాళ్ళకు మాత్రం సంగతి తెలుసు. "లోపల మొగడు పండుకున్నడు, అందుకే గట్ల నవ్వుతది" అని ఎదురింటి సాలమ్మ అందరికీ చెప్పి పెట్టింది.

నిజానికి ఆమె పుట్టిన ఇల్లు అలాంటిది కాదు. ఆలేరు దగ్గర పల్లె. తండ్రి తాళ్ళెక్కి కల్లు గీసేవాడు. చెట్టు మీదున్న మనిషితో కింద నుంచి మాట్లాడాలంటే కేక వేయక తప్పదు కదా, ఆ ఇంట్లో అందరికీ అదే గొంతు అలవాటైంది. ఉప్పు అందుకోమన్నా ఊరు చివరికి వినబడేది. అలాంటి పిల్ల పెళ్ళై నాచారం వచ్చి, నెల తిరక్కముందే గుసగుసలు నేర్చుకుంది.

ఆమె భర్త కొమురెల్లి బకెట్లు, మగ్గులు తయారుచేసే ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో మిషన్ మీద పని చేసేవాడు. పెళ్ళినాటికే రాత్రి డ్యూటీ. ఒక్క ఏడాది చెయ్యి, పగటికి మారుస్తామన్నారు. ఏడాది తర్వాత ఆ మాట వాళ్ళూ మర్చిపోయారు, ఆయనా గుర్తు చెయ్యలేదు. రాత్రిపూట పెద్దసార్ల పోరు ఉండదు, మన మిషన్, మన పని అనేవాడు. అలా అలా ఇరవై ఏళ్ళు దాటిపోయాయి.

పొద్దున్నే ఇంటికొచ్చి, స్నానం చేసి, తిని పడుకునేవాడు. పగలు నిద్రపోవాలంటే గది చీకటిగా ఉండాలి. మొదట్లో కిటికీకి ఒక దుప్పటి కట్టారు. దాన్లోంచి వెలుగు వస్తోందని ఫ్యాక్టరీ నుంచి అట్టముక్కలు తెచ్చి మేకులు కొట్టాడు. కిటికీ రెక్కలు చెదలు పట్టి ఊడిపోయినప్పుడు బయటివైపు ఒక రేకు బిగించాడు. చివరికి దాని ముందుకు బీరువా కూడా జరిపారు. గోడలకు వక్కపొడి రంగు వేయించాడు. ఆ గదిలో మిట్టమధ్యాహ్నం అడుగుపెడితే మంచం కోడు మోకాలికి తగిలేదాకా మంచం ఎక్కడుందో తెలిసేది కాదు.

ఇక ఇంట్లో చప్పుడు సంగతి చెప్పనక్కర్లేదు. పెళ్ళికి పెట్టిన కుక్కర్ అటక మీదే ఉండిపోయింది, విజిల్ వేస్తే ఆయన లేస్తాడని. అన్నం గంజు గిన్నెలోనే వండేది. మిక్సీ వేయాలంటే సాలమ్మ ఇంటికి పట్టుకెళ్ళేది. తారామణి జాకెట్లు, లంగాలు కుడుతుంది. ఆ కుట్టుమిషన్ కూడా సాలమ్మ వరండాలోనే ఉండేది. కూతురు హిమజ చిన్నప్పుడు బడి నుంచి వచ్చి, ఫస్టు వచ్చానన్న ముక్క కూడా వేలు ఎత్తి సైగతోనే చెప్పింది. కూరగాయల బండి అతను సందు మొదట్లో గట్టిగా అరుచుకుంటూ వచ్చి, ఆ ఇల్లు రాగానే నోరు మూసుకుని, ఇల్లు దాటాక మళ్ళీ అందుకునేవాడు.

అలాంటిది పోయిన ఏడాది ఎండలు ముదిరే రోజుల్లో ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ ఎత్తేశారు. కొమురెల్లిని పగటికి వేశారు.

ఆ వార్త విన్నరోజు తారామణి అటక మీంచి కుక్కర్ దించి, బూజు దులిపి, రబ్బరు కొత్తది తెప్పించి పప్పు పెట్టింది. పప్పు ఉడికిపోయినా దించలేదు. విజిల్ మీద విజిల్ వేస్తుంటే పొయ్యి పక్కన నిలబడి విన్నది. సాలమ్మ గుమ్మంలోకి వచ్చి, "పప్పు చేస్తున్నవా, రైలు నడుపుతున్నవా బిడ్డా?" అని అడిగింది. మర్నాడే కుట్టుమిషన్ గల్లీ దాటి సొంతింటికి వచ్చేసింది. ఇకనుంచి తమదీ అందరి ఇళ్ళలాంటి ఇల్లేనని, పగలు పగలుగా, రాత్రి రాత్రిగా బతకొచ్చని తారామణి అనుకుంది.

కానీ కొమురెల్లికి పగలు అచ్చిరాలేదు. రాత్రంతా పక్క మీద దొర్లేవాడు. పొద్దున డ్యూటీకి కళ్ళు ఎర్రగా చేసుకుని వెళ్ళేవాడు. సెలవురోజు వస్తే ఆ చీకటి గదిలో దూరి బయటికి వచ్చేవాడు కాదు. ఎండ కళ్ళలో గుచ్చుతోందనేవాడు. ఒక ఆదివారం తారామణి బతిమాలి ఆయన్ను గుమ్మంలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. కూరగాయల బండి వచ్చింది. బండి అతను ఆగి, గొంతు తగ్గించి, "ఎవరు గావాలె సార్? గా ఇంట్ల సార్ పండుకుని ఉంటడు, జర మెల్లగ పిలువున్రి" అన్నాడు.

గల్లీ గల్లీ నవ్వింది. తారామణి భుజాలు ఎగిరిపడ్డాయి. కొమురెల్లి మాత్రం నవ్వలేదు. లేచి లోపలికి వెళ్ళాడు. "ఇన్నేండ్ల సంది ఉంటున్న. నా గల్లీలనే నన్నెవ్వరు గుర్తువడ్తలేరు" అన్నాడు చీకట్లోంచి. ఆ మాట తారామణికి ముల్లులా దిగింది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన బీపీ చూసి, షుగరు చూసి, రోగమేమీ లేదన్నాడు. ఇన్నేళ్ళ అలవాటు ఒక్కసారి మారదు, పొద్దున లేవగానే వెలుగు కళ్ళకు తగలాలి, మెల్లమెల్లగా అదే సర్దుకుంటుంది అన్నాడు. తిరిగొస్తూ తారామణి ఆ ముక్కే మననం చేసుకుంది. ఇంటికొచ్చి పడకగదిలో అడుగుపెట్టింది. ఎప్పటిలాగే మోకాలు మంచం కోడుకు తగిలింది. నొప్పికి అక్కడే కూలబడి చుట్టూ చూస్తే ఏమీ కనపడలేదు. అప్పుడు ఆమెకు ఇంకో సంగతి కూడా తెలిసొచ్చింది. ఈ గదిలోకి వచ్చినప్పుడల్లా తనకూ గుండె మీద బరువు పెట్టినట్టే ఉంటోంది. ఆయన రాత్రి డ్యూటీకి వెళ్ళే రోజుల్లో పిల్లను పక్కలో వేసుకుని ముందుగదిలో నిమ్మళంగా నిద్రపోయేది కాబట్టి తెలియలేదు.

"రేపటి సంది గీ గదిని మారుస్త" అని ఆ సాయంత్రం ప్రకటించింది. "కిటికీ తెరుస్త. గోడలకు రంగేస్త."

"కిటికేడుంది?" అన్నాడు కొమురెల్లి.

"బీరువ ఎనక ఉంది. నువ్వే కప్పెట్టినవ్."

హిమజ ఉప్పల్‌లో కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది. గది మారుస్తున్నారనగానే ఫోన్లో బొమ్మలు చూపించింది. పెద్ద పెద్ద మంచాలు, వాటి మీద లెక్కలేనన్ని దిండ్లు, మూలన కుండీలో అరటాకులంత ఆకుల చెట్టు. తారామణి శ్రద్ధగా అన్నీ చూసి, "గీ మంచాల మీద మనుషులేడ పండుకుంటరే? దిండ్లకే జాగ సాలుతలేదు" అంది.

రంగు మాత్రం ఆమె మనసులో ముందే ఉంది. తల్లీ కూతుళ్ళిద్దరూ రంగుల షాపుకెళ్ళారు. షాపతను రంగు ముక్కలున్న పెద్ద పుస్తకం ముందు పెట్టి ఏ రంగు కావాలన్నాడు.

"ముంజ రంగు" అంది తారామణి.

"పసుపా మేడం?"

"తాటిపండు గాదయ్యా, ముంజ. లేత ముంజ. పొట్టు తీసినంక ఉంటది సూడు, తెలుపు గాదు, నీళ్ళ రంగు గాదు. లోపల వెలుగున్నట్టు ఉంటది. గా రంగు."

అతను పుస్తకం ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పాడు. హిమజ సిగ్గుపడి పక్కకు తిరిగింది. చివరికి అతను తెలుపులో కాస్త ఆకుపచ్చ, రవ్వంత నీలం కలిపి, కర్రముక్క మీద పూసి చూపించాడు. తారామణి దాన్ని పట్టుకుని షాపు బయటికి, ఎండలోకి తీసుకెళ్ళి చూసింది. చిన్నప్పుడు తాటిచెట్ల కింద కూర్చుని బొటనవేలితో పొడుచుకు తిన్న ముంజ గుర్తొచ్చింది. "గిదే" అంది.

ఆదివారం పని మొదలైంది. బీరువా పక్కకు లాగారు. దాని వెనక నుంచి ఒక బల్లి, హిమజ ఒకటో తరగతి పలక, ఎవరిదో చెవిదుద్దు ఒకటి బయటపడ్డాయి. మేకులు పీకుతుంటే అట్టముక్కలు పొడి పొడిగా రాలాయి. తారామణి పని చేస్తూనే కూతురికి ఆ కిటికీ సంగతి చెబుతోంది. "నేను కొత్తగ వచ్చినప్పుడు గీడికెల్లి సూస్తే అంత ఖాళీ జాగనే ఉండె. సీతాఫలం చెట్లు. మేకలు వచ్చి మేస్తుండె. గాలి గిట్ల కొడితే మంచం మీదికే వస్తుండె." వెనకవైపు కొన్నేళ్ళ క్రితం ఒక ఇల్లు లేచిందని ఆమెకు తెలియక కాదు. కట్టేటప్పుడు ఆ మోతకు కొమురెల్లి చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నాడు కూడా. కానీ ఆ ఇంటి గుమ్మం పక్క గల్లీలోకి ఉంది. ఆ ఇల్లూ ఈ కిటికీ ఒకదానికొకటి ఎదురుపడతాయన్న ఆలోచన మాత్రం ఎందుకో ఆమెకు తట్టలేదు. ఆమె మనసులో ఆ కిటికీ అవతల ఇంకా మేకలే మేస్తున్నాయి.

మిగిలింది బయటి రేకు. తారామణి కిటికీ ఊచల మధ్య నుంచి రోకలి పెట్టి ఒక్క పోటు పొడిచింది. రేకు ఊడి పెద్ద చప్పుడుతో కింద పడింది.

"అమ్మ బాబోయ్!" అని అవతల నుంచి ఒక కేక.

తారామణి చూసింది. సీతాఫలం చెట్లు లేవు, మేకలు లేవు. చెయ్యి చాస్తే అందేటంత దూరంలో నల్లటి సిమెంటు గోడ. ఆ గోడలో తన కిటికీకి ఎదురుగా ఇంకో కిటికీ. దాన్లో గరిటె పట్టుకుని, గుండె మీద చెయ్యేసుకుని ఒక ఆవిడ.

"ఎవరండీ మీరు? ఆ రేకు వెనక కిటికీ ఉందా? గోడకేదో అతుకేశారనుకున్నానండీ ఇన్నాళ్ళూ!"

"ఉందమ్మా" అంది తారామణి. "మాదే."

ఆవిడ పేరు అరుణకుమారి. తణుకు వైపువాళ్ళు. నాచారంలోనే ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. భర్త కనకరాజు ఒక ఆఫీసులో గుమాస్తా. ఇవన్నీ ఆ మొదటి పరిచయంలోనే, పోపు మాడిపోతుండగా చెప్పేసి, "ఉండండి, కూర మాడిపోతోంది" అని వెనక్కి తిరిగింది.

గదిలోకి వచ్చిన వెలుగు చారెడు కూడా లేదు. పైగా అవతలి వంటింటి పోపు ఘాటు నేరుగా మంచం మీదికి వచ్చింది. కొమురెల్లి తుమ్మాడు. "అట్టముక్కలే నయముండె" అన్నాడు.

తారామణికి ఒళ్ళు మండింది. రోకలి అక్కడ పడేసి, "నేనొక్కదాన్నే కొట్టుకుంటున్న. నీకేం ఫికర్ లేదు" అని గట్టిగా అరిచి సాలమ్మ ఇంటికి వెళ్ళి కూర్చుంది. అరిచాక తెలిసింది, ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో తను గొంతెత్తడం అదే మొదటిసారని. సాలమ్మ మంచినీళ్ళిచ్చి, "నీకింత గొంతున్నట్టు నాకు తెల్వనే తెల్వదు బిడ్డా" అని ముచ్చటపడింది.

అయినా మొదలుపెట్టిన పని వదలడం ఆమెకు చేతకాదు. తెలిసిన పెయింటర్ని పిలిచి వక్కపొడి రంగు గీకించి, ముంజ రంగు వేయించింది. షాపు బయట ఎండలో వెలిగిపోయిన రంగు ఆ గదిలో గోడలెక్కేసరికి బూడిద రంగైంది. సాలమ్మ వచ్చి, గుమ్మంలో నిలబడి, ఏమనాలో తెలియక, "సల్లగుంది" అంది. రంగు చూసి ఎవరైనా చల్లగుందన్నారంటే ఇక చెప్పడానికేమీ లేదన్నమాటే. ఆ వారమంతా తారామణి మిషన్ మీద కూర్చుని తలెత్తకుండా లంగాలు కుట్టింది. ఇంట్లో ఇద్దరు దిగులు మనుషులయ్యారు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం తిన్నాక కొమురెల్లి అలవాటు కొద్దీ వెళ్ళి మంచం మీద వాలాడు. తారామణి గుమ్మం పక్కన నేల మీద కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతోంది. కాసేపటికి లోపల నుంచి ఆయన గొంతు వినబడింది.

"లైటెందుకేసినవే?"

"లైటెవరేసిన్రు?"

"మరి గీ వెలుగేంది?"

ఆమె లేచి వెళ్ళి చూసింది. గది గదంతా తెల్లగా, మెత్తగా వెలుగుతోంది. గోడల మీద బూడిద రంగు పోయింది. పడమటి గోడ, మంచం తలాపు, సీలింగు మూల, అన్నీ ముంజ రంగే. తీసీ తీయని పొట్టు కింద నుంచి మెరిసినట్టు. కొమురెల్లి మంచం మీద లేచి కూర్చుని, తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

కిటికీ దగ్గరికి వెళ్తే సంగతి తెలిసింది. అరుణకుమారి డాబా మీద పిట్టగోడకు తెల్లటి చద్దరు ఆరేసింది. అది గాలికి జారి, సగం పిట్టగోడకు పట్టుకుని, మిగతా సగం ఆ నల్లగోడ మీద పరుచుకుని వేలాడుతోంది. పైనుంచి సందులోకి పడుతున్న ఎండ ఆ చద్దరుకు కొట్టి వీళ్ళ కిటికీలోకి తిరిగి వస్తోంది.

ఇద్దరూ కిటికీ దగ్గరే నిలబడిపోయారు. ఇంతలో పైన ఎవరో చద్దరు లాగారు. గది ఒక్కసారిగా నల్లబడింది.

కొమురెల్లి ఊచలు పట్టుకుని, మెడ సారించి, గల్లీ మొత్తానికి వినబడేలా అరిచాడు. "ఓ టీచరమ్మా! జర గా చద్దరు ఆడనే ఉంచున్రి!"

పైనుంచి అరుణకుమారి తొంగిచూసింది. "దేన్నండీ? దుప్పటినా?"

"అవ్! గోడకు! గోడకు యేలాడెయ్యున్రి!"

ఆవిడ ఏమనుకుందో ఏమో గానీ మళ్ళీ వేలాడేసింది. గది మళ్ళీ వెలిగింది. కొమురెల్లి భార్యవైపు తిరిగి, "సూసినవా?" అన్నాడు. నవ్వు మొహం. ఆ నవ్వు చూసి ఎన్ని నెలలైందో తారామణికి గుర్తు రాలేదు.

ఆ సాయంత్రమే మొగుడూ పెళ్ళాలిద్దరూ మంచి బట్టలు కట్టుకుని, చుట్టూ తిరిగి పక్క గల్లీలోకి వెళ్ళి అరుణకుమారి వాళ్ళ తలుపు కొట్టారు. ఇద్దరి ఇళ్ళ మధ్య చెయ్యి చాచేంత దూరమే ఉన్నా, గుమ్మం నుంచి గుమ్మానికి వెళ్ళాలంటే రెండు గల్లీలు తిరగాలి. అరుణకుమారి కాఫీ ఇచ్చింది. తారామణి గొంతు సవరించుకుని అసలు మాట చెప్పింది.

"టీచరమ్మా, మీ ఎనక గోడకు తెల్ల రంగేసుకుంటం. ఖర్సు మాదే, పని మాదే."

కనకరాజుకు కాఫీ గొంతులో అడ్డుపడింది. "మా గోడకి మీరు రంగేస్తారా? ఎందుకండీ?"

"మా గదిల వెలుగు కోసం."

కనకరాజు జాగ్రత్త మనిషి. భార్యను పక్కకు పిలిచి, మెల్లగా చెప్పాననుకుని అందరికీ వినబడేలా అన్నాడు. "ఇవాళ గోడకి రంగేస్తామంటారు. రేపు ఆ సందు మాదేనంటే?"

"ఆ సందులో ఏం చేసుకుంటారండీ, కోడిపందేలా?" అంది అరుణకుమారి. తారామణి వైపు తిరిగింది. "వేసుకోండి. కానీ ఒక్క షరతు. మా వంటింట్లో పట్టపగలు లైటు వెయ్యకపోతే ఉప్పేదో పంచదారేదో తెలీదు. నిన్న చారులో పంచదార వేసేశాను, ఈయన మాట్లాడకుండా తాగేశారు. మీ గోడ కూడా తెల్లగా వేయించండి. మీ గోడ వెలుగు మాకు, మా గోడ వెలుగు మీకు."

"చారు తియ్యగా ఉంటే ఏదో కొత్తరకం అనుకున్నాను" అన్నాడు కనకరాజు చిన్నబుచ్చుకుని.

తారామణికి నవ్వు ముంచుకొచ్చింది. అలవాటుగా కొంగు నోటికి వెళ్ళింది. సగంలో ఆగింది. ఆలేరు గొంతుతో, తండ్రి చెట్టు మీదుంటే వినబడేటంత గట్టిగా నవ్వింది. కొమురెల్లి ఉలిక్కిపడి ఆమె వంక చూశాడు. పెళ్ళైన ఇన్నేళ్ళకు భార్య నవ్వు ఎట్లా ఉంటుందో ఆయన చెవులారా విన్నది అప్పుడే.

వచ్చే ఆదివారానికి ముహూర్తం కుదిరింది. సందులోకి పనివాణ్ణి దింపుదామని తారామణి అంటే కొమురెల్లి వద్దన్నాడు. తనే దిగుతానన్నాడు. పాత లుంగీ కట్టి, తలకు తువ్వాలు చుట్టి, పొడుగు కర్రకు బ్రష్షు కట్టుకుని సందులో దూరాడు. ముందు అక్కడ పేరుకుపోయిన చెత్తంతా ఎత్తాడు. ఊడిపడ్డ రేకు, పగిలిన పెంకులు, ఏ కాలందో ఒక క్రికెట్ బంతి. తర్వాత ఇనుప బ్రష్షుతో నాచు గీకాడు. నీడలో మొదలుపెట్టిన పని నడినెత్తి మీదికి ఎండ వచ్చేదాకా సాగింది. ఎండ కళ్ళలో గుచ్చుతోందన్న మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు.

కనకరాజు మొదట డాబా మీంచి చూశాడు. హద్దు దాటుతున్నారేమోనని కాబోలు. కాసేపటికి, "అక్కడ మిగిలిపోయిందండీ, ఎడమవైపు" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఇంకాసేపటికి పంచె ఎగ్గట్టి తనూ దిగాడు. ఆ సందులో ఇద్దరు మనుషులు ఒకళ్ళనొకళ్ళు దాటాలంటే ఒకరు గోడకు అతుక్కోవాలి. అలా అతుక్కున్నప్పుడల్లా కనకరాజు వీపుకు ఒక పూత పడేది. మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి ఆయన గోడ కన్నా తెల్లగా ఉన్నాడు.

గల్లీలో వాళ్ళు సందు మొగదల గుమికూడి లోపలికి తొంగి చూశారు. కూరగాయల బండి అతను కూడా ఆగాడు. "గా లోపల ఎవరే?" అని సాలమ్మను అడిగాడు. "కొమురెల్లి. గా పండుకుని ఉండే సార్" అంది సాలమ్మ. బండి అతను బండి వదిలేసి వచ్చి, సందులోకి వంగి, "నమస్తే సార్! లేసిన్రా?" అని పలకరించాడు. కొమురెల్లి బ్రష్షు ఎత్తి, "లేసిననే!" అని అరిచాడు.

రెండు గోడలూ ఆరేసరికి వెలుగు వచ్చేసింది. చద్దరు నాటి వెలుగు కన్నా ఎక్కువే. పొద్దున కాస్త నీలంగా మొదలై, మధ్యాహ్నానికి పాలలా అయ్యి, సాయంత్రం లేత పసుపుగా మారి వెళ్ళిపోయేది. తారామణి మంచం తల కిటికీ వైపు తిప్పించింది. తెలుపు మీద చిన్న ఆకుల అచ్చు ఉన్న బట్ట తెచ్చి కిటికీకి సగం వరకే కప్పే పరదా కుట్టింది. కింద సగం మాటు, పై సగం వెలుగుకు. అదే బట్టతో దిండ్లకు గలీబులు. హిమజ ఫోన్లో చూపించిన ఆకుల చెట్టు కొనలేదు గానీ, సాలమ్మ ఒక పెరుగు డబ్బాలో మనీప్లాంటు కొమ్మ పెట్టి ఇచ్చింది. అది కిటికీ ఊచలు పట్టుకుని ఎక్కుతోంది.

కొమురెల్లి నిద్ర ఒక్కరోజులో దారికి రాలేదు. ఇప్పటికీ కొన్ని రాత్రులు లేచి కూర్చుంటాడు. కానీ పొద్దున వెలుగు మొహం మీద పడగానే కళ్ళు తెరుస్తున్నాడు. కళ్ళు తెరిచి, లేవకుండానే ముక్కు ఎగబీల్చి, "ఇయ్యాల టీచరమ్మోళ్ళింట్ల గోంగూర" అని చెబుతాడు. తప్పు చెబితే అవతల నుంచి అరుణకుమారి దిద్దుతుంది. "గోంగూర కాదండీ, చింతచిగురు." కొమురెల్లి, కనకరాజు ఇద్దరూ కలిసి ఇప్పుడు పొద్దున్నే చెరువు దాకా నడిచి వస్తున్నారు. సందు ఎవరిదన్న మాట మళ్ళీ రాలేదు.

గదికి ఇక ఒక్కటే తక్కువైందని తారామణి తేల్చింది. అద్దం. చారెడు అద్దం కాదు, మనిషి నిలువునా కనబడే అద్దం. ఆ గదిలో ఇన్నేళ్ళు అద్దమే లేదు. చీకట్లో అద్దమెందుకని ఎవరూ పెట్టలేదు. ఒక సెలవురోజు మొగుడూ పెళ్ళాలిద్దరూ స్కూటరు మీద ఉప్పల్ వెళ్ళారు. నాలుగు షాపులు తిరిగి, చుట్టూ టేకు రంగు చెక్క ఉన్న అద్దం కొన్నారు. ఆటోలో పంపిస్తానని షాపతను అన్నాడు. ఆటోలో పగులుతుందని తారామణి ఒప్పుకోలేదు. బండి వెనక అడ్డంగా కూర్చుని, అద్దాన్ని మొహం బయటికి పెట్టి, రెండు చేతులతో బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"జర మెల్లగ పోనియ్యి."

"ఇంకెంత మెల్లగ పోవాలె? సైకిళ్ళు దాటిపోతున్నయి."

అద్దంలో ఉప్పల్ అంతా వెనక్కి నడిచింది. మెట్రో స్తంభాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి వెళ్ళాయి. పైన రైలు వెళ్తే అద్దంలోనూ వెళ్ళింది. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఆగితే పక్కన ఆటో అతను జేబులోంచి దువ్వెన తీసి, ఆ అద్దంలో చూసుకుని పాపిడి తీసుకున్నాడు. వెనక బైకు మీద కూర్చున్న అమ్మాయి హెల్మెట్ తీసి బొట్టు సరిచేసుకుంది. "అక్కా, జర పైకి" అని కూడా అడిగింది. తారామణి పైకెత్తింది. గ్రీన్ లైటు పడ్డా ఆటో అతను కదల్లేదు. వెనక నుంచి హారన్లు.

"పోనీ అన్నా, మంచిగనే ఉన్నవ్!" అంది తారామణి. సిగ్నల్ దగ్గరున్నవాళ్ళంతా నవ్వారు.

ఇంటికి చేరి, కిటికీకి ఎదురు గోడకు కొమురెల్లి మేకు కొట్టి అద్దం తగిలించాడు. వెలుగు రెట్టింపైంది. ముంజ రంగు గోడలు రెండేసి కనబడ్డాయి. ఇద్దరూ పక్కపక్కన నిలబడి చూసుకున్నారు. తన జుట్టులో ఇంత తెలుపుందని కొమురెల్లికి తెలియదు. తారామణి చెవి దగ్గర వెంట్రుకలు సర్దుకుంది.

అంతలో కిటికీలోంచి అరుణకుమారి గొంతు. "తారామణి గారూ! ఆ అద్దం కాస్త పక్కకి జరపరా? నా వంటిల్లంతా దాన్లో కనబడుతోందండీ. గిన్నెలు తోమలేదు, నాకే సిగ్గుగా ఉంది!"

"జరుపు, జరుపు" అంది తారామణి. కొమురెల్లి మేకు పీకి, జానెడు పక్కకు కొట్టాడు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు మా ఆయన కనబడుతున్నారు" అంది అరుణకుమారి. "అలా ఉండనివ్వండి, ఫరవాలేదు."